నాకింకా తెల్లవారలేదు

ఉయ్యూరులో పుట్టి పెరిగినవారికి రాత్రి అంటే నిశ్శబ్దం కాదు. విజయవాడ నుంచి బందరు పోయే దారిలో, పుల్లేరు కాలువ ఒడ్డున ఉన్న మా ఊరికి చక్కెర కర్మాగారమే గడియారం. 1941లో వెలగపూడి రామకృష్ణగారు నెలకొల్పిన కె.సి.పి. సంస్థది ఆ కర్మాగారం. చలికాలంలో క్రషింగు మొదలైందంటే ఇక ఆగడమన్నది ఉండదు. చెరకు నరికిన తరువాత ఆలస్యమైనకొద్దీ గడలోని పంచదార తరిగిపోతుంది. కనుక బండి రాత్రి వచ్చినా పగలు వచ్చినా మిల్లు ఆడవలసిందే, మనుషులు మేలుకొని ఉండవలసిందే. నా చిన్నతనంలో పక్కమీద పడుకొని ఎడ్ల మెడల్లోని గంటలు వింటూ నిద్రపోయేవాణ్ణి. ఆ సమయానికి మా నాన్నగారు రాత్రి డ్యూటీకి సైకిలు తీసేవారు.

ఆయన పని పాకం వండే చోట. పెద్ద పాన్‌లో ఉడుకుతున్న పాకం నుంచి కొంచెం తీసి, గాజుపలక మీద పరచి, దీపానికెదురుగా పట్టి, పలుకు సరిగా కట్టిందో లేదో చూడాలి. ముందు తొందరపడినా, తరువాత ఆలస్యమైనా ఆ పాన్ అంతా పాడవుతుంది. కొలిచే సాధనాలున్నా చివరికి కన్నూ, బుద్ధీ చెప్పిందే మాట. మూడు దాటిన తరువాత మాత్రం ఆయన తన కంటిని నమ్మేవారు కాదు. పక్కనున్న మనిషిని పిలిచి, "ఇది నువ్వు కూడా చూడవయ్యా" అనేవారట. "మూడింటి కన్ను అబద్ధం చెబుతుంది. అబద్ధం చెబుతున్నట్టు మనకి చెప్పదు" అన్నది ఆయన తరచుగా చెప్పిన మాట.

ఆయనకు ఇంకొక నియమం కూడా ఉండేది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన పొద్దున ఏ బేరమూ, ఏ తగవూ, ఏ సంబంధమూ మాట్లాడేవారు కాదు. ఒకసారి ఎవరో పొలం బేరం తీసుకొని ఎనిమిదింటికే వచ్చి అరుగుమీద కూర్చున్నారు. అటు ఎండ చురుక్కుమంటున్నది. నాన్నగారు కాళ్ళు కడుక్కుంటూ, "నాకింకా తెల్లవారలేదండీ, సాయంత్రం రండి" అని లోపలికి వెళ్ళి పడుకొన్నారు. వచ్చినవారు నవ్వుకొని వెళ్ళిపోయారు. మేము కూడా చాలాకాలం ఆ మాటను హాస్యంగానే చెప్పుకొన్నాం. అది హాస్యం కాదని, ఒక మనిషి తన బుద్ధి ఎప్పుడు తన ఆధీనంలో ఉంటుందో, ఎప్పుడు ఉండదో కనిపెట్టి పెట్టుకొన్న కట్టుబాటు అని నాకు బోధపడడానికి ఒక పిల్లవాడు కారణమయ్యాడు.

వాడు మా మేనల్లుడు. కొన్నేళ్ళ కిందట ఇంటర్మీడియెట్ చదువుకు బెజవాడ పక్కన ఒక హాస్టల్లో వేశాం. దాని పేరు ఎందుకు లెండి, పేరు మార్చితే అటువంటివి ఎన్నైనా చెప్పవచ్చు. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొడతారు. అయిదింటికి పుస్తకం ముందు కూర్చోవాలి. రాత్రి పదకొండుకు దీపం ఆర్పుతారు. మధ్యలో ఉన్న అయిదున్నర గంటలే నిద్ర. అందులో దోమలకూ, పక్క మంచం దగ్గుకూ, రేపటి పరీక్ష భయానికీ పోగా మిగిలింది వాడిది. దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడు నాతో, "తరగతిలో కళ్ళు మూసుకుపోతున్నాయి మావయ్యా" అన్నాడు. నేనేమన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "మేమంతా లాంతరు దగ్గర తెల్లవార్లూ చదివి పైకి వచ్చినవాళ్ళమేరా" అన్నాను. అది అబద్ధం. మా రోజుల్లో కరెంటు పోతే తొమ్మిదింటికల్లా డాబామీద పక్కలు పడేవి. తెల్లవార్లూ చదివిన రాత్రులు నా చదువంతటిలో వేళ్ళమీద లెక్కించవచ్చు. అయినా పెద్దరికం అటువంటి అబద్ధాలు చెప్పిస్తుంది.

సంక్రాంతికి మూడు రోజులు పంపించారు. వచ్చిన రాత్రి పడుకొన్నవాడు భోగిమంటకు లేవలేదు, తలంటుకు లేవలేదు. మా చెల్లెలు నుదుటిమీద చెయ్యి వేసి చూసి, జ్వరమేమోనని ఏడుపు ముఖం పెట్టింది. పద్నాలుగు గంటలు నిద్రపోయి లేచాడు. కనుమ నాడు పొద్దున అరుగుమీద కూర్చొని ఒక లెక్క చేసుకొంటున్నాడు. పావుగంటలో తేలింది. కాగితం నాకు చూపిస్తూ, "ఇది వారం రోజులు పట్టుకొని కూర్చున్నా రాలేదు మావయ్యా. వచ్చిన లెక్కే. అక్కడెందుకు రాలేదో తెలియడం లేదు" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. తనకే ఏదో లోపముందని నమ్ముతున్న పిల్లవాడి కంగారు ఉంది. నాకు మా నాన్నగారి గాజుపలక జ్ఞాపకం వచ్చింది. వీడు రోజంతా మూడింటి కన్నుతోనే చదువుతున్నాడన్నమాట!

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన డెల్టా ప్రాంతంలో చదువు పేరిట నిద్ర మానుకోవడాన్ని ఒక సుగుణంగా మార్చివేశాం. నిద్రపోని పిల్లవాడు బుద్ధిమంతుడు, నిద్రపోయేవాడు కుంభకర్ణుడు. దీనికి పెద్దల ఆచారాన్ని సాక్ష్యంగా తెస్తాం. బ్రాహ్మీ ముహూర్తంలో లేచి చదువుకోమన్నారు కదా అంటాం. అన్నారు, నిజమే. అయితే ఆ పెద్దలు దీపాలు పెట్టగానే భోజనం చేసి, ఎనిమిదింటికి మంచమెక్కేవారు. నాలుగింటికి లేచేసరికి వారికి నిండా ఎనిమిది గంటల నిద్ర దక్కేది. ఆ ఆచారంలో లేచే వేళను ఉంచుకొని, పడుకొనే వేళను పారవేశాం. పెద్దల మాటలో సగం తీసుకొని, ఆ సగంతో పిల్లల్ని కొడుతున్నాం.

జాగరణ కూడా మన సంప్రదాయమే కదా అనవచ్చు. శివరాత్రి నాడు మేలుకొంటాం. మా వీరమ్మ తల్లి తిరునాళ్ళలో ఊరు ఊరంతా రాత్రుళ్ళు మేలుకొనే ఉంటుంది. అవి ఏడాదికొకసారి వచ్చేవి కనుకనే వాటికి పవిత్రత. రోజూ చేస్తే అది వ్రతం కాదు, శిక్ష. చరకుడు దేహాన్ని నిలబెట్టే మూడు ఊతలలో ఆహారం సరసన నిద్రను చేర్చాడు. సుఖదుఃఖాలూ, బలాబలాలే కాక జ్ఞానాజ్ఞానాలు సైతం నిద్రమీదే ఆధారపడి ఉంటాయన్నాడు. అతిగా నిద్రించేవాడికీ, అసలు నిద్రించనివాడికీ యోగం కుదరదని గీత చెబుతుంది. విన్నవాడు గుడాకేశుడు, అంటే నిద్రను జయించినవాడన్న బిరుదున్న అర్జునుడు. నిద్రను జయించినవాడికే ఆ హెచ్చరిక చేయవలసి వచ్చిందంటే, దాని అవసరం మనకెంతో ఆలోచించుకోవాలి.

ఇప్పుడు శాస్త్రం చెప్పేది చూద్దాం. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రకటించారు. ఆరోగ్యవంతులైన వారిలో కొందరిని రోజుకు ఎనిమిది గంటలు, కొందరిని ఆరు, కొందరిని నాలుగు గంటలు మాత్రమే 14 రోజులపాటు పడుకోనిచ్చారు. ఆరు గంటల వారి ఏకాగ్రత, జ్ఞాపకశక్తి రోజురోజుకూ జారుతూ వచ్చాయి. రెండు వారాలు ముగిసేసరికి నాలుగు గంటల వారే కాదు, ఆరు గంటల వారు కూడా పూర్తిగా నిద్ర మానినవారి స్థితికి దిగజారారు. దీనికంటె భయపెట్టే సంగతి ఇంకొకటుంది. తమ మత్తు ఎంతో చెప్పమంటే, మొదటి కొద్దిరోజుల తరువాత అది పెద్దగా పెరగడం లేదనే వారు చెప్పారు. బుద్ధి తగ్గుతూనే ఉంది, తగ్గుతున్నట్టు తెలియడం ఆగిపోయింది. అబద్ధం చెబుతున్నట్టు మనకి చెప్పదన్న మాటకు ఇంతకంటె వ్యాఖ్యానం ఏముంటుంది?

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు నిద్రలేమిని మద్యంతో పోల్చి చూశారు. వరుసగా 17 గంటలు మేలుకొన్నవారి చేతి పనితనం, నెత్తుటిలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి దిగింది. నాలుగున్నరకు లేచిన పిల్లవాడికి 17 గంటలు నిండేది రాత్రి తొమ్మిదిన్నరకు. ఆ తరువాత గంటన్నర సేపు సాగే చదువుకు మనం ఫీజు కడుతున్నాం. తాగినవాడి చేతికి పుస్తకమిచ్చి చదవమంటామా?

మంచి నిద్ర వల్ల కలిగే మేలు కూడా చెప్పుకోవాలి. 2004లో జర్మనీ శాస్త్రజ్ఞులు కొందరికి ఒక అంకెల లెక్క ఇచ్చారు. అందులో ఒక దొంగదారి దాగి ఉంది, అది పట్టుకొంటే లెక్క క్షణంలో తేలుతుంది. దారి ఉందని ఎవరికీ చెప్పలేదు. మధ్యలో ఎనిమిది గంటలు నిద్రపోయి వచ్చినవారిలో 59 శాతం మంది ఆ దారిని పట్టుకొన్నారు. అంతే సేపు మేలుకొని ఉన్నవారిలో పట్టుకొన్నది నాలుగో వంతు కూడా లేరు. నిద్రలో మెదడు ఊరకే ఉండదు. పగలు పోగుచేసినదాన్ని సర్దుతుంది, దూరంగా ఉన్న రెండింటిని దగ్గరకు చేరుస్తుంది. మా ఇంట్లో పెరుగు తోడు పెట్టి, "కదిలించకండి" అని మా అమ్మ మూత పెట్టేది. తోడుకోవలసినదాన్ని కదిలించకుండా ఉంచడం కూడా పనిలో భాగమే.

మరి కాఫీ ఉంది కదా? మేలుకొన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకొంటుంది. మత్తు దాని పనే. కాఫీలోని కెఫీన్ దాన్ని తొలగించదు, అది వచ్చి తగిలే తలుపును మాత్రం మూసివేస్తుంది. అప్పులవాడు వాకిట్లోనే కూర్చొని ఉంటాడు, మనం తలుపు గడియ వేసుకొంటాం, అంతే.

అప్పు అన్నాను కనుక మన ఆడవాళ్ళ పాటల్లోని కథ ఒకటి. ఇది వాల్మీకంలో లేదు. అన్నగారికి కాపలాగా పద్నాలుగేళ్ళూ మేలుకొన్న లక్ష్మణుడి నిద్రను ఇంటిదగ్గర ఊర్మిళ నిద్రపోయింది. పట్టాభిషేకం నాటికి గడువు తీరి నిద్రాదేవి నిండుసభలో అతని ముందు నిలబడింది. లక్ష్మణుడికి నవ్వు వచ్చింది. సభలో ప్రతివారూ తమ లోపాన్ని చూసే నవ్వాడనుకొని కుమిలిపోయారు. కథ అల్లిన తల్లులకు శాస్త్రం తెలియదు. కానీ నిద్ర రద్దు కాదని, ఎవరో ఒకరు దాన్ని నిద్రపోవలసిందేనని, వాయిదా తీరినప్పుడు నిండుసభ అని కూడా చూడకుండా వచ్చి నిలబడుతుందని తెలుసు. మన పిల్లలకు ఊర్మిళలు లేరు.

నిద్రకూ సద్బుద్ధికీ ఉన్న సంబంధానికి నాకు తెలిసిన అతి గొప్ప ఉదాహరణ భారతంలోని సౌప్తిక పర్వం. తిక్కనగారు తెలుగు చేసిన పర్వాలలో అది ఒకటి. యుద్ధం ముగిసింది. మర్రిచెట్టు కింద ముగ్గురు మిగిలారు. కృపాచార్యుడు, కృతవర్మ నిద్రపోయారు. అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. ఆ రాత్రి ఒక గుడ్లగూబ వచ్చి నిద్రిస్తున్న కాకులను చంపడం చూశాడు. నిద్రపోతున్న శత్రువులను చంపాలన్న ఆలోచన అప్పుడు పుట్టింది. మేనమామను లేపి చెప్పాడు. కృపుడు మొదట ధర్మం చెప్పి, తరువాత ఒక మామూలు మాట చెప్పాడు. చాలాకాలంగా మేలుకొని ఉన్నావు నాయనా, ఈ రాత్రికి నిద్రపో, పొద్దున్నే అందరం కలిసి యుద్ధానికి వెళదామన్నాడు. దుఃఖంలో, కోపంలో ఉన్నవాడికి నిద్ర ఎక్కడిదని అశ్వత్థామ వినలేదు. ఆ తెల్లవారుజాములోపే ఉపపాండవులు హతులయ్యారు. అశ్వత్థామకు బుద్ధి లేక కాదు, అస్త్రవిద్యలో అతన్ని మించినవారు కొద్దిమందే. ఒక్క రాత్రి నిద్రపోయి ఉంటే కోపం పోయేదని నేను అనను. పొద్దున్నే ఆ కోపమే యుద్ధంగా బయటపడేదేమో, హత్యగా కాక.

అది పురాణం అంటారా, మన కాలం సంగతి వినండి. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది మరణించారు, ఎనిమిది మంది మాత్రం బయటపడ్డారు. రాత్రి ప్రయాణంలో కెప్టెన్ గంటన్నరకు పైగా కూర్చున్నచోటే నిద్రపోయాడనీ, లేచిన తరువాత కూడా ఆ మత్తు అతని నిర్ణయశక్తిని మందగింపజేసి ఉండవచ్చుననీ విచారణ సంఘం పేర్కొన్నది. దిగవద్దు, మళ్ళీ పైకి లేపుదామని పక్కనున్న సహపైలట్ మూడుసార్లు అన్నా వినలేదు. ఆయన అనుభవం లేనివాడు కాడు. "నువ్వు కూడా చూడవయ్యా" అని అడగగలిగే స్థితిలో ఆ క్షణాన లేడు.

నా వాదానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, నిద్ర మానుకోక తప్పనివారి మాటేమిటి? మిల్లులో రాత్రి డ్యూటీ చేసేవారు, ఆసుపత్రి నర్సులు, వంతు నీళ్ళకోసం కాలువ గట్టున కాపలా ఉండే రైతు, అమెరికా వేళలకు హైదరాబాదులో పనిచేసే మన పిల్లలు ఉన్నారు. నిజమే. వారికి నేను నీతులు చెప్పబోవడం లేదు. అయితే వారు మేలుకొనేది లోకం నడవడానికి. అందుకు వారు కట్టే మూల్యాన్ని మనం గుర్తించాలి, వారి పగటినిద్రను కాపాడాలి. మా ఇంట్లో నాన్నగారు పడుకొన్నప్పుడు వీధిలో గోలీలాట కూడా నిషిద్ధం. పిల్లవాడి చదువు అటువంటిది కాదు. అక్కడ చెరకు ఎండిపోవడం లేదు, పాకం మాడిపోవడం లేదు.

రెండవది, పోటీలో అందరూ మేలుకొంటుంటే మనవాడొక్కడే పడుకొంటే వెనకబడడా? హాస్టలువారు మాతో అన్నది ఇదే. "అందరు పిల్లలూ తట్టుకొంటున్నారు, మీవాడికొక్కడికే నిద్ర కావాలంటే ఎలాగండీ?" తట్టుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఆ వయసులో శరీరపు గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. రాత్రి నిద్ర ఆలస్యంగా పడుతుంది, పొద్దున మెలకువ ఆలస్యంగా వస్తుంది. అది బద్ధకం కాదు, వయసు. కాలిఫోర్నియా ఈ సంగతి గమనించి, హైస్కూళ్ళు పొద్దున 8:30 లోపు మొదలుపెట్టరాదని 2019లో చట్టం చేసి, 2022 నుంచి చాలా బడులలో అమలు చేసింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు ఆ చట్టం నీడలో నిద్రపోతున్నారు. వారి దాయాదులు ఇక్కడ నాలుగున్నర గంటకు లేస్తున్నారు. చివరికి ఇద్దరూ రాయబోయేది బుద్ధితో చేయవలసిన పరీక్షలే.

మేనల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను. కనుమ నాటి రాత్రి మా చెల్లెలు, "వీణ్ణి తిరిగి పంపించమంటావా అన్నయ్యా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నాన్నగారి మాట గుర్తుకొచ్చి, "పొద్దున చెబుతాను" అన్నాను. మరునాడు చెప్పాను. వాణ్ణి హాస్టలు మాన్పించాం. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళివచ్చే ఏర్పాటు చేశాం. బస్సులో పోయే సమయానికి, రాత్రి చదువు తప్పినందుకు బంధువులు మమ్మల్ని మందలించారు. పిల్లవాడి భవిష్యత్తు పాడుచేశామన్నవారూ ఉన్నారు. వాడు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకొని ఆరింటికి లేచేవాడు. ర్యాంకు మేము ఆశించినంత రాలేదు, వారు భయపెట్టినంత తగ్గలేదు. ఇంజనీరింగులో చేరాడు. నిద్రపోతే ర్యాంకులు వస్తాయని రాసి మరో రకం ఆశ అమ్మడం నా ఉద్దేశం కాదు. ఒకటి మాత్రం నిజం. రాని లెక్కను చూసి తాను పనికిరానివాణ్ణని అనుకోవడం వాడు మానేశాడు. ఆ వయసులో అది చిన్న లాభం కాదు. ఆ భారం మోయలేక ప్రాణాలు తీసుకొన్న పిల్లల వార్తలు మన జిల్లా పత్రికల్లో ఎన్ని చదవలేదు?

కనుక పిల్లల్ని చేర్పించడానికి వెళ్ళే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. నిరుటి ర్యాంకులు ఎన్ని, ఏసీ గదులున్నాయా, భోజనం ఎలా ఉంటుంది అని అడుగుతున్నాం. వాటికంటె ముందు, దీపం ఎన్నింటికి ఆర్పుతారు, గంట ఎన్నింటికి కొడతారు అని అడుగుదాం. ఆ రెండు అంకెల మధ్య ఎనిమిది లేకపోతే మిగిలిన ప్రశ్నలు అడగనక్కరలేదు. పదిమంది అడిగితే విసుక్కొంటారు, వందమంది అడిగితే గంట మారుస్తారు.

చివరగా ఒక ఒప్పుకోలు. రాత్రి రెండింటికి ఆవేశంగా రాసిన వ్యాఖ్యకు పొద్దున్నే క్షమాపణ రాసుకొన్న అనుభవం నాకుంది, ఈ బ్లాగు చదివే మిత్రుల్లో కొందరికీ ఉండే ఉంటుంది. ఈ టపా కూడా నిన్న రాత్రి పన్నెండింటికి మొదలుపెట్టాను. రెండు పేరాలు చాలా ఘాటుగా వచ్చాయి, ఎవరెవరినో తిట్టాను కూడా. కంప్యూటరు కట్టేసి పడుకొన్నాను. పొద్దున లేచి చూస్తే ఆ రెండు పేరాలలో ఉంచదగ్గ వాక్యం ఒక్కటీ కనిపించలేదు. కొట్టేసి, కాఫీ తాగి, మళ్ళీ మొదటినుంచి రాశాను.

మీ ఇళ్ళల్లో పడుకొనే వేళ ఎంత? మీ పిల్లలది ఎంత? జవాబు రాయాలనిపిస్తే రాయండి. అయితే ఇప్పుడు రాత్రి పదకొండు దాటి ఉంటే మాత్రం, దయచేసి రేపు పొద్దున రాయండి.